కెనడాలో మీరుంటున్న ఊరికి తొలితరం ఆసియా వాళ్ళు ఎలా వచ్చారో వెతకాలంటే

శ్రీకాకుళం జిల్లా నుంచి చదువులకీ ఉద్యోగాలకీ కెనడా వెళ్ళిన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవరికైనా, ఈ ఊరికి మనకన్నా ముందు ఎవరొచ్చారు, ఎలా బతికారు అని తెలుసుకోవాలనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుదామని ఇది రాస్తున్నాను. నేను నరసన్నపేటలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ ద్వీపం మీద డంకన్ అనే చిన్న టౌన్లో ఉంటోంది. అక్కడ తను, ఇక్కడ నేను, ఫోన్లో మాట్లాడుకుంటూ ఆ చుట్టుపక్కల పాత రికార్డులు చదువుతుంటాం. దీనికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. ఇంటర్నెట్, ఓ నోటుబుక్కు, చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు, బోలెడంత ఓపిక ఉండాలి. కావలసిన రికార్డుల్లో చాలావరకు ఉచితంగా ఆన్‌లైన్లోనే దొరుకుతాయి.

ఒక ఊరు, ఒక దశాబ్దం

'కెనడాలో ఆసియా వాళ్ళు' అని గూగుల్లో కొడితే అందరికీ తెలిసిన పెద్ద పెద్ద సంఘటనలే వస్తాయి. మీరు పట్టుకోవలసింది ఒక వీధి, ఒక మిల్లు, చేపల్ని డబ్బాల్లో నింపే ఒక క్యానరీ, ఒక శ్మశానం. దానికి ఓ పదేళ్ళ కాలం గీత గీసుకోండి. ఎంత చిన్నది తీసుకుంటే అంత త్వరగా మనుషులు కనపడతారు.

మేము పాల్డీ తీసుకున్నాం. డంకన్‌కి పడమరగా అడవిలో, కలప కోసే సామిల్లు చుట్టూ వెలిసిన ఊరు అది. పంజాబ్‌లోని హోషియార్‌పూర్ జిల్లా పాల్డీ గ్రామం నుంచి వచ్చిన మాయో సింగ్, 1917 ప్రాంతంలో తోటివాళ్ళతో కలిసి అక్కడ మిల్లు పెట్టాడు. 1919లో గురుద్వారా కట్టుకున్నారు. మొదట ఆ చోటుని మాయో సైడింగ్ అనేవారు, తర్వాత సొంతూరి పేరే పెట్టుకున్నారు. మిల్లులో పంజాబీలు, చైనావాళ్ళు, జపాన్‌వాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి పనిచేశారు. పిల్లలందరూ ఒకే బడికి వెళ్ళారు. మిల్లు లేదు, కూలీల ఇళ్ళు లేవు, గురుద్వారా మాత్రం ఇప్పటికీ ఉంది.

మీరు రిచ్‌మండ్‌లో ఉంటే స్టీవ్‌స్టన్ క్యానరీలతో మొదలుపెట్టవచ్చు, అక్కడ జపాన్ జాలర్ల చరిత్ర ఉంది. సర్రే, అబాట్స్‌ఫోర్డ్ పిల్లలకి అబాట్స్‌ఫోర్డ్‌లో 1911లో తెరిచిన గుర్ సిఖ్ టెంపుల్ అనే గురుద్వారా దగ్గర్లోనే ఉంది. విక్టోరియాలో ఉన్నవాళ్ళకి 1858 నుంచీ ఉన్న చైనాటౌన్ నడిచి చూసేంత దూరంలో ఉంటుంది. కెనడాలోకెల్లా పాత చైనాటౌన్ అదే.

చట్టాలు ముందు చదవండి

ఇది విసుగ్గా అనిపించవచ్చు కానీ దాటేయొద్దు. ఏ కాగితం ఎందుకు పుట్టిందో, ఏ కాగితం అసలు ఉండదో చట్టమే చెబుతుంది.

కెనడియన్ పసిఫిక్ రైలుమార్గంలో బ్రిటిష్ కొలంబియా కొండల భాగాన్ని 1881 నుంచి 1885 దాకా వేసింది చాలావరకు చైనా కూలీలు. ఆ పని అయిపోవచ్చిన 1885లోనే, చైనా నుంచి వచ్చే దాదాపు ప్రతి మనిషి మీదా 50 డాలర్ల తలపన్ను వేశారు. 1900లో దాన్ని 100 చేశారు, 1903లో 500 చేశారు. 1923 జూలై 1 నుంచి చైనావాళ్ళ రాకను దాదాపు పూర్తిగా ఆపేశారు. ఆ చట్టం 1947 దాకా నడిచింది. జపాన్‌తో 1908లో ఒప్పందం చేసుకుని కొత్తగా వచ్చే మగ కూలీలను ఏడాదికి 400 మందికి కుదించారు.

మనవాళ్ళ విషయంలో ఇంకో దారి పట్టారు. బ్రిటిష్ సామ్రాజ్యం పౌరులని చెప్పుకునేవాళ్ళని పేరుపెట్టి ఆపలేక, 1908లో 'ఎడతెగని ప్రయాణం' అనే షరతు పెట్టారు. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా దిగకుండా, ఒకే టిక్కెట్టు మీద రావాలి. ఇండియా నుంచి అలా వచ్చే ఓడ మార్గం అందుబాటులో లేకుండా చూసుకున్నారు. దానికి తోడు చేతిలో 200 డాలర్లు చూపించాలి. అంతకుముందు నాలుగైదేళ్ళలో ఐదువేల మంది దాకా వచ్చిన చోట, ఆ తర్వాత రాకపోకలు దాదాపు నిలిచిపోయాయి. భార్యల్నీ చిన్నపిల్లల్నీ తెచ్చుకోవడానికి 1919లో గానీ దారి తెరవలేదు. 1914లో కొమగాటా మారు ఓడలో 376 మంది మే 23న వాంకూవర్ రేవుకి చేరితే, రెండు నెలలు నీళ్ళ మీదే ఉంచి, అతికొద్దిమందిని తప్ప అందరినీ జూలై 23న వెనక్కి పంపింది ఈ షరతు చూపించే. ఆ ఓడ మీద సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ వాళ్ళు ఫోటోలు, ఉత్తరాలు, ప్రయాణికుల వివరాలతో పూర్తి వెబ్‌సైటు పెట్టారు, తప్పక చూడండి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో చైనావాళ్ళకీ జపాన్‌వాళ్ళకీ ఓటు లేదు, 1907లో ఇండియావాళ్ళకీ తీసేశారు. చైనా, ఇండియా వాళ్ళకి 1947లో, జపాన్‌వాళ్ళకి 1949లో గానీ తిరిగి రాలేదు. కాబట్టి ఓటర్ల జాబితాల్లో వెతికితే ఎవరూ ఉండరు. లాయరు, మందుల షాపు లాంటి వృత్తులకి ఓటర్ల జాబితాలో పేరుండాలి గనక ఆ రిజిస్టర్లలోనూ ఉండరు. అక్కడ పేరు లేదని, ఆ ఊళ్ళో మనిషే లేడనుకోకండి.

జనాభా లెక్కల పేజీ నిదానంగా చదవడం

కెనడాలో జనాభా లెక్కల అసలు పేజీలు 92 ఏళ్ళ తర్వాత అందరికీ తెరుస్తారు. 1931వి 2023 జూన్‌లో తెరిచారు. ఒట్టావాలోని లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా సైటులో అన్నీ ఉచితం. ఇరవయ్యో శతాబ్దం మొదటి కూలీల కోసం వెతికేవాళ్ళు 1911, 1921, 1931 పేజీలు మూడూ పక్కపక్కన పెట్టుకోండి.

పేజీ దొరగ్గానే పేరు చూసి దాటిపోకండి. 1921 పేజీలో ప్రతి మనిషి పక్కనా బోలెడు గడులున్నాయి. ఇల్లు సొంతమా అద్దెదా, చెక్కదా ఇటుకదా, ఎన్ని గదులు, పెళ్ళయిందా, ఎక్కడ పుట్టాడు, తల్లి ఎక్కడ పుట్టింది, ఏ సంవత్సరం కెనడా వచ్చాడు, ఇంగ్లీషు మాట్లాడతాడా, చదవగలడా, రాయగలడా, పోయిన ఏడాది ఎంత సంపాదించాడు. మిల్లు కూలీలంతా కలిసి పడుకునే బంక్‌హౌస్ పేజీ ఒకటి తెరిచి చూడండి. వరుసగా మగవాళ్ళే. వయసు గడిలో ముప్పై, ముప్పై రెండు, నలభై. పెళ్ళి గడిలో ఒకరి తర్వాత ఒకరికి 'ఎం' అనే అక్షరం, అంటే పెళ్ళయింది. పేజీ పైనుంచి కిందిదాకా వెతికినా ఆడమనిషి ఒక్కరూ ఉండరు. ఆ భార్యలందరూ హోషియార్‌పూర్‌లో, జలంధర్‌లో ఉన్నారు. ఈ ఒక్క గడినీ, వచ్చిన సంవత్సరం గడినీ కలిపి చదివితే, ఆ మనిషి ఇల్లాలికి దూరంగా ఎన్నేళ్ళు ఉన్నాడో లెక్క తేలిపోతుంది. ఉద్దానం వైపు పుట్టినదాన్ని కాబట్టి ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. భర్త రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి తిరిగిరాని ఆడవాళ్ళని చిన్నప్పుడు మా ఊళ్ళో చూశాను.

పాల్డీ లాంటి చోట్ల 1921 పేజీకీ 1931 పేజీకీ తేడా చూడండి. రెండోదాంట్లో భార్యలు, అక్కడే పుట్టిన పిల్లలు కనపడటం మొదలవుతుంది. 1919 నాటి ఆ మార్పు ఒక్కో ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో అలా తెలుస్తుంది.

పేర్లతో జాగ్రత్త

లెక్కలు రాసేవాడు చెవికి విన్నది రాసుకున్నాడు. ఒకే మనిషి పేరు మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా ఉంటుంది. పంజాబీ మగవాళ్ళలో చాలామంది పేరు చివర సింగ్ ఉండటంతో ఇంటిపేరుతో వెతకడం దండగ. పైగా సిక్కులైనా ముస్లింలైనా ఇండియా నుంచి వచ్చినవాళ్ళందర్నీ ఆ రోజుల్లో 'హిందూ' అనే రాశారు, అదీ చాలాసార్లు చివర రెండు 'ఓ'లతో. పాత పత్రికల్లో, పుస్తకాల్లో వెతికేటప్పుడు ఆ స్పెల్లింగు కూడా కొట్టాలి, లేకపోతే చాలావి తప్పిపోతాయి. చైనా పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. మొదట 'ఆ' అని ఉన్నది కేవలం పిలుపు, ఇంటిపేరు కాదు. గుమాస్తాలు మాత్రం దాన్నే ఇంటిపేరుగా ఎక్కించేశారు.

అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. పేరు గడి ఖాళీగా వదిలేయండి. ఊరు, పుట్టిన దేశం, వయసు, వృత్తి పెట్టి వెతకండి. దొరికినవాళ్ళకి నోటుబుక్కులో ఒక్కొక్కరికి ఒక పేజీ ఇచ్చి, పేరు ఎన్ని రకాలుగా కనపడితే అన్నీ రాసుకుంటూ పోండి. వయసు, వచ్చిన ఏడాది, పుట్టిన గ్రామం ఈ మూడూ కలిస్తేనే ఇద్దరూ ఒకరే అని ఒప్పుకోండి. రెండు కలిసి మూడోది కలవకపోతే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ఊరుకోండి.

తలపన్ను రిజిస్టర్లు

చైనావాళ్ళ గురించి వెతికేవాళ్ళకి ఇంతకన్నా పెద్ద గని లేదు. 1885 నుంచి 1949 దాకా వచ్చిన ప్రతి మనిషినీ నమోదుచేసిన రిజిస్టర్లు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఉన్నాయి. తొంభై వేలకు పైగా ఎంట్రీలు, పేరుతో వెతికే సదుపాయం ఉంది. వరుసలో పేరు, వయసు, పుట్టిన గ్రామం, వృత్తి, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఓడ పేరు, దిగిన రేవు, కట్టిన పన్ను ఉంటాయి. పదో తరగతి పిల్లల సర్టిఫికెట్ల కోసం నేను ఏటా వాళ్ళ పుట్టుమచ్చలు రాసి పంపేదాన్ని. ఇక్కడా అచ్చం అలాగే, నుదుటి మీద మచ్చ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని ఉంటుంది. మన పిల్లలకి అది చదువు తాలూకు కాగితం. వీళ్ళకి అది లేకపోతే దేశంలో ఉండనివ్వని కాగితం.

పన్ను కట్టినట్టు ఇచ్చిన సర్టిఫికెట్‌ని సి.ఐ.5 అంటారు. స్వదేశానికి వెళ్ళి తిరిగి రావాలనుకునేవాళ్ళు తీసుకున్నది సి.ఐ.9, దాని మీద ఫోటో ఉంటుంది. తాతల ముఖం మనవలు మొదటిసారి చూసింది ఈ కాగితం మీదే అన్న కుటుంబాలు ఉన్నాయి. పుట్టిన గ్రామం పేరు కాంటనీస్ పలుకుబడిలో, ఇంగ్లీషువాడి చెవికి తోచినట్టు ఉంటుంది కాబట్టి ఇప్పటి మ్యాపులో నేరుగా దొరకదు. చాలామంది దక్షిణ గ్వాంగ్‌డాంగ్‌లోని కొద్ది జిల్లాల వాళ్ళే, కాబట్టి అక్కడి నుంచి వెతుక్కుంటూ రావాలి. ఈ పన్ను కింద కెనడా వసూలు చేసింది మొత్తం 2 కోట్ల 30 లక్షల డాలర్లు. 2006 జూన్ 22న ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

డైరెక్టరీలు, మ్యాపులు, పత్రికలు

వాంకూవర్ పబ్లిక్ లైబ్రరీ 1860 నుంచి 1955 దాకా బ్రిటిష్ కొలంబియా డైరెక్టరీలన్నీ స్కాన్ చేసి పెట్టింది. వీధి ప్రకారం ఇంటింటి జాబితా ఉంటుంది. తెల్లవాళ్ళ ఇంటి నంబరు దగ్గర పేరు, వృత్తి. పక్కింటి దగ్గర చాలాసార్లు 'చైనీస్' అని లేదా 'ఓరియంటల్స్' అని ఒక్క మాట. పేరు లేకపోయినా ఇంటి నంబరు దొరికింది కదా, దాన్ని పట్టుకుని జనాభా పేజీలోకి వెళ్ళండి. బీమా కంపెనీల కోసం ఒక్కో కట్టడాన్నీ గీసిన ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులు కూడా చూడండి. ఇటుక కట్టడం గులాబీ రంగు, చెక్కది పసుపు. క్యానరీ వెనక వరుసగా చిన్న చిన్న పసుపు గళ్ళు, వాటిమీద 'చైనీస్ క్యాబిన్స్' అని ఉంటే కూలీలు పడుకున్న చోటు అదే.

పత్రికల కోసం యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా సైటులో చిన్న ఊళ్ళ పాత పేపర్లున్నాయి. విక్టోరియా నుంచి వచ్చిన కొలొనిస్ట్ 1858 నుంచీ చదువుకోవచ్చు. చదివేటప్పుడు మనసు గట్టిచేసుకోవాలి, తిట్లు మామూలు మాటల్లా ఉంటాయి. 1907 సెప్టెంబరు 7న వాంకూవర్‌లో చైనాటౌన్, జపాన్ వీధుల మీద పడి అద్దాలు పగలగొట్టిన గుంపు గురించి తెల్లవాళ్ళ పేపర్లు ఒకలా రాస్తాయి. అందుకే అదే కాలంలో ఆ జనం తమకోసం నడుపుకున్న పత్రికల దగ్గరికి వెళ్ళాలి. జపాన్‌వాళ్ళ తైరికు నిప్పో, చైనావాళ్ళ చైనీస్ టైమ్స్ రెండూ డిజిటల్‌గా ఉన్నాయి. భాష రాకపోతే ప్రకటనలు, ఫోటోలు చూడండి, ఫోన్లో అనువాదం పెట్టి శీర్షికలు చదవండి. ఇప్పుడది పెద్ద పని కాదు. పంజాబీల కోసం యూనివర్సిటీ ఆఫ్ ఫ్రేజర్ వ్యాలీ వాళ్ళు నడిపే సౌత్ ఏషియన్ కెనడియన్ డిజిటల్ ఆర్కైవ్ ఉంది. కుటుంబాల ఆల్బములు, సంఘాల మినిట్స్ పుస్తకాలు అందులో చూడొచ్చు.

1942 దగ్గర ఆగాలి

మీ ఊళ్ళో జపాన్ కుటుంబాలు 1941 దాకా కనపడి తర్వాత ఒక్కసారిగా మాయమైతే కారణం ఒకటే. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌తో పోరు మొదలయ్యాక, 1942లో పశ్చిమ తీరం నుంచి సుమారు 22,000 మంది జపాన్ మూలాల వాళ్ళని బలవంతంగా తరలించారు. ఎక్కువమంది కెనడాలోనే పుట్టిన పౌరులు. వాళ్ళ పడవలు, ఇళ్ళు, పొలాలు, కుట్టుమిషన్లతో సహా ప్రభుత్వమే అమ్మేసింది. పాల్డీ నుంచి కూడా అలాగే వెళ్ళారు. 1949 ఏప్రిల్ 1 దాకా తీరానికి తిరిగి రానివ్వలేదు. అమ్మకాల ఫైళ్ళు మిగిలాయి. ఎవరింట్లో ఏముండేదో సామాను జాబితాతో సహా వాటిలో చదవొచ్చు. 'ల్యాండ్‌స్కేప్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్' అనే పరిశోధన వాటిని ఆన్‌లైన్లో పెట్టింది. బర్నబీలో నిక్కేయ్ నేషనల్ మ్యూజియం ఉంది, అక్కడివాళ్ళకి రాస్తే సాయం చేస్తారు. ఈ జాబితాలు చదివేటప్పుడు లెక్క రాసుకోవడంతో ఆపకండి. ఆ ఇంట్లో పిల్లలు ఎందరో, వాళ్ళు ఏ బడికి వెళ్ళేవారో కూడా వెతికి పక్కన రాయండి.

చావు రికార్డులు, సమాధులు

విక్టోరియాలోని బీసీ (బ్రిటిష్ కొలంబియా) ఆర్కైవ్స్ మరణాల నమోదును 20 ఏళ్ళ తర్వాత, పెళ్ళిళ్ళను 75 ఏళ్ళ తర్వాత, పుట్టుకలను 120 ఏళ్ళ తర్వాత తెరుస్తుంది. ఎక్కువ కాగితాల బొమ్మలు సైటులోనే చూడొచ్చు. ఊరు పెట్టి, మిల్లు నడిచిన సంవత్సరాలు పెట్టి వెతకండి. దుంగ కింద నలిగి, నీళ్ళలో పడి, క్షయతో పోయినవాళ్ళు బయటపడతారు. వివరాలు చెప్పినవాళ్ళ గడిలో బంధువు కాక మేస్త్రీయో తోటి కూలీయో ఉంటే ఆ పేరు కూడా రాసుకోండి. పోయినవాడికి అక్కడ దగ్గరివాడు ఎవరో దాన్ని బట్టి తెలుస్తుంది.

విక్టోరియాలో హార్లింగ్ పాయింట్ దగ్గర సముద్రం ఒడ్డున చైనావాళ్ళ శ్మశానం ఉంది, 1903 నుంచి. పూడ్చిన ఏడేళ్ళకి ఎముకలు తీసి కడిగి, పెట్టెల్లో సొంత గ్రామానికి పంపడం వాళ్ళ ఆచారం. 1937లో చైనా-జపాన్ యుద్ధం వచ్చాక ఆ ఓడలు ఆగిపోయాయి. పోగుబడిన పెట్టెలన్నిటినీ చివరికి 1961లో అక్కడే పూడ్చారు. రాళ్ళమీద ఊరి పేరు చెక్కి ఉంటుంది. ఫోటో తీసేటప్పుడు ముందూ వెనకా రెండువైపులా తీయండి.

పెద్దవాళ్ళతో మాట్లాడటం

కాగితాల్లో దొరకనిది ఇంట్లో దొరుకుతుంది. గురుద్వారాలో అందరికీ భోజనం పెట్టే లంగర్‌లో, చైనా సంఘం హాల్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటారు. కూర్చున్న వెంటనే 'మీ నాన్నగారు ఏ సంవత్సరం వచ్చారు' అని అడగొద్దు. సంవత్సరం గుర్తురాక వాళ్ళు టెన్షన్ పడతారు, మాట అక్కడితో ఆగిపోతుంది. వచ్చిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారట, వంట ఎవరు చేసేవారు, జీతం డబ్బు ఇంటికి ఎవరిచేత పంపేవారు, ఉత్తరం ఎవరు రాసిపెట్టేవారు అని అడగండి. నేను ఇక్కడ సోంపేట వైపు రంగం కుటుంబాల వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నది ఇదే. ఒక ముసలమ్మ, సంవత్సరం అడిగితే తల అడ్డంగా ఊపింది. ఓడ ఎక్కేముందు ఏం కట్టిచ్చారని అడిగేసరికి, "అటుకులు కట్టిచ్చినాం బాబూ, బారువ రేవు కాడికి మా అత్త మోసుకెల్లింది, ఆడు మరి రానేదు" అని గంటసేపు చెప్పింది.

రికార్డింగ్ చేసేముందు అడిగి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఏది బయటపెట్టకూడదో వాళ్ళనే చెప్పనివ్వండి. రికార్డు అయినదాని కాపీ వాళ్ళింటికి ఇవ్వండి. సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ దగ్గర 1980లలో తొలితరం పంజాబీ వాళ్ళతో చేసిన ఇంటర్వ్యూలు ఉన్నాయి. ముందు అవి విని వెళితే ఏం అడగాలో తెలుస్తుంది.

చిన్న మ్యూజియంలకి రాయడం

ప్రతి ఊళ్ళో చిన్న మ్యూజియం ఉంటుంది, ఎక్కువచోట్ల నడిపేది వాలంటీర్లే. డంకన్‌లో పాత రైల్వే స్టేషన్ భవనంలో ఉంది. 'మీ దగ్గర ఆసియా వాళ్ళ గురించి ఏముంది' అని రాస్తే జవాబు రాదు. '1920 నుంచి 1930 దాకా ఫలానా మిల్లు జీతాల పుస్తకంగానీ, బడి హాజరు పట్టీగానీ, గ్రూప్ ఫోటోగానీ ఉందా' అని రాస్తే ఎవరో ఒకరు బీరువా తెరుస్తారు. మనకీ బ్రిటిష్ కొలంబియాకీ సుమారు పన్నెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి పది తర్వాత ఫోన్ చేస్తే వాళ్ళు అప్పుడే తలుపులు తీసి ఉంటారు. ప్రతి కాగితం దగ్గరా ఏ ఆర్కైవ్, ఏ ఫైలు నంబరు, ఏ పేజీ, చూసిన తేదీ వెంటనే రాసుకోండి. తర్వాత రాద్దామనుకుంటే ఎప్పటికీ రాయరు.

ఇదే పద్ధతి మన జిల్లాకీ పనికొస్తుంది. కళింగపట్నం, బారువ రేవుల నుంచి రంగం వెళ్ళినవాళ్ళ కోసం వెతికేటప్పుడు శ్రీకాకుళం అని కొడితే ఏమీ రాదు. ఈ జిల్లా ఏర్పడింది 1950లో. అంతకుముందు కాగితాలు విశాఖపట్నం జిల్లా కింద, 1936కి ముందువి కొన్ని గంజాం కింద, పాత ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఉంటాయి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ సైటులో బర్మా వలసల ఫైళ్ళు తెరిచి, 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక తిరిగొచ్చినవాళ్ళ దగ్గర మొదలుపెట్టండి. వాళ్ళ పిల్లలు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఫైళ్ళు తర్వాత చదవొచ్చు.